నల్లగొండ ఎండకు, బోరు నీటికి తట్టుకునే తేనెపూల పొద: నూరువరహాలకు బదులు హమీలియా

నకిరేకల్ దగ్గర కొత్తగా కట్టుకున్న మీ ఇంటికి తూర్పున, ప్రహరీ గోడ వెంట 30 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల జాగా ఉందని, ఉదయం తొమ్మిది నుండి సాయంత్రం నాలుగు దాకా అక్కడ ఎండ పడుతుందని రాశారు. తేనెపిట్టలు, సీతాకోకచిలుకలు రావాలన్న కోరికతో రెండేళ్ల కింద ఆరు నూరువరహాల మొక్కలు పెడితే రెండు ఎండిపోయాయని, మిగిలిన నాలుగు ఆకులు పసుపెక్కి, పూత లేక, పెరగక అలాగే నిలిచిపోయాయని చెప్పారు. బోరు నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఇలా అయిందా, ఎండ ఎక్కువై అయిందా, వీటి స్థానంలో ఏ పొద పెడితే నిలబడుతుంది అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పి తర్వాత వివరిస్తాను. తప్పు ఎండది కాదు, ఫ్లోరైడ్‌ది కాదు. మీ నేలలోనూ నీటిలోనూ ఉన్న సున్నపు గుణం నూరువరహాలకు ఇనుము అందకుండా చేస్తోంది. అదే నేలలో, అదే నీటితో, అదే ఎండలో హమీలియా అనే పొద చక్కగా పెరుగుతుంది, ఏడాదిలో ఎక్కువ నెలలు పూస్తుంది, తేనెపిట్టలకు నూరువరహాల కంటే ఎక్కువ తేనె ఇస్తుంది. పాలమూరులో మా ఇంటి ముందు 2009లో నేను కూడా మీలాగే నూరువరహాలతో మొదలుపెట్టి, మూడేళ్లు వాటితో పడరాని పాట్లు పడి, చివరికి హమీలియాకు మారాను. అప్పటి నుండి ఆ పొదలు మా ఇంటిని విడిచిపోలేదు.

నీటి సంగతి ముందు తేల్చుకుందాం. నల్లగొండ పేరు చెప్పగానే ఫ్లోరైడ్ గుర్తుకు రావడం సహజమే. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరే స్థిరపడిపోయింది. మనుషుల ఎముకలకు, పళ్లకు అది చేసే హాని మన కళ్ల ముందే ఉంది. అయితే మొక్కల విషయంలో ఫ్లోరైడ్‌కు బాగా దెబ్బతినేవి డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ వంటి కొన్ని రకాలు, వాటిలో కూడా ఆకు కొసలు మాడడమే ప్రధాన లక్షణం. మీరు పంపిన వర్ణనలో కొసలు మాడిన మాట లేదు. కొత్తగా వచ్చిన లేత ఆకులు ముందు పసుపెక్కుతున్నాయని, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి, వాటి మధ్యభాగం నిమ్మపండు రంగులోకి మారుతోందని రాశారు. ఇది ఇనుప లోపానికి ఉండే గుర్తు. నత్రజని తక్కువైతే కింది ముదురు ఆకులు ముందు పసుపెక్కుతాయి, ఎందుకంటే మొక్క ఆ ఆకుల్లోని నత్రజనిని తోడుకొని చిగురుకు పంపగలదు. ఇనుమును అలా ఒక ఆకు నుండి మరో ఆకుకు తరలించడం దానికి చేతకాదు, కనుక కొరత వచ్చినప్పుడు చిగురే ముందు బలవుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే మీ తోటలో చాలా జబ్బులను మీరే పోల్చుకోగలుగుతారు.

ఎర్రమట్టిలో ఇనుప లోపమేమిటి అని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. మన చల్క నేల ఎరుపంతా ఇనుము తుప్పు రంగే, అందులో ఇనుముకు కొదవ లేదు. కానీ నేలలో సున్నం ఎక్కువై క్షారగుణం పెరిగినప్పుడు ఆ ఇనుము నీటిలో కరగని రూపంలో బిగుసుకుపోతుంది, వేరు చుట్టూ ఉండి కూడా వేరుకు చిక్కదు. బోరు నీరు ఆరిన చోట, బకెట్ అంచున, కుళాయి మూతిన తెల్లటి పొర కడుతోందని మీరే రాశారు కదా, ఆ నీటిలోని బైకార్బొనేట్లు ప్రతి తడితోనూ నేలలో సున్నాన్ని పెంచుతూ పోతాయి. దీనికి తోడు మీది కొత్త ఇల్లు, మొక్కలు పెట్టింది ప్రహరీ గోడ పక్కన. గోడ కట్టేటప్పుడు, ప్లాస్టరింగ్ చేసేటప్పుడు రాలిన సిమెంటు మాలు, సున్నం కడిగిన నీళ్లు, పెళ్లలు అన్నీ గోడ మొదట్లోనే పూడిపోతాయి, పైన రెండు ట్రాక్టర్ల మొరం పోసి చదును చేస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మా ఇంట్లో చనిపోయిన మూడో నూరువరహాల మొక్కను పెకిలించినప్పుడు, జానెడు లోతులో అరచేయంత సిమెంటు పెళ్ల ఒకటి వేర్లకు అడ్డంగా పరుచుకొని ఉంది, వేర్లు దాన్ని తాకిన చోటల్లా పక్కకు వంగి నల్లబడ్డాయి. మూడేళ్లు ఎరువులు మార్చి మార్చి వేసిన నేను ఆ రోజు దాకా గడ్డపార పట్టి చూడలేదు.

మీరు కూడా ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. గోడకు అడుగు దూరంలో ఒక చోట, నాలుగడుగుల దూరంలో మరో చోట జానెడు లోతు నుండి గుప్పెడు మట్టి తీసి, ఆరబెట్టి, పళ్లెంలో వేసి దాని మీద నిమ్మరసం గానీ, వెనిగర్ గానీ పోయండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం బాగా ఉన్నట్టు. చాలా ఇళ్లలో గోడ దగ్గరి మట్టి పొంగుతుంది, దూరపు మట్టి అంతగా పొంగదు. భూసార పరీక్ష కేంద్రంలో ఉదజని సూచిక (పీహెచ్) చూపించుకుంటే మరీ మంచిది, కానీ ఈ నిర్ణయం తీసుకోవడానికి నిమ్మకాయ చాలు.

నూరువరహాలు మన మొక్కే, దక్షిణ భారతం, శ్రీలంక దాని పుట్టినిల్లు. ‘ఇక్సోరా’ అన్న దాని శాస్త్రీయ నామం ‘ఈశ్వర’ శబ్దం నుండి వచ్చిందని చెబుతారు, 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆ పేరుతో నమోదు చేశాడు. కానీ అది బాగా పెరిగేది వానలు బాగా పడి, సున్నం కొట్టుకుపోయి, నేల కాస్త పులుపు గుణంతో ఉండే చోట. ఏడాదికి 600 నుండి 750 మిల్లీమీటర్ల వాన పడే మన జిల్లాల్లో, బోరు నీటి మీద ఆధారపడే పెరట్లో అదే మొక్క మొదటి ఏడాది నర్సరీ సంచిలోని మట్టి బలంతో పూసి, వేర్లు మన నేలలోకి దిగగానే పసుపెక్కుతుంది. మీ మొక్కలు మొదట్లో బాగుండి తర్వాత చెడిపోవడానికి కారణం ఇదే. మీరు పెంచడంలో లోపం ఏమీ లేదు.

ఇక హమీలియా గురించి. ఇది అమెరికా ఖండాల మొక్క, ఉత్తరాన ఫ్లోరిడా నుండి దక్షిణాన అర్జెంటీనా దాకా సహజంగా పెరుగుతుంది. 1760లో జాక్విన్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి హమీలియా పేటెన్స్ అని పేరు పెట్టాడు. అది దుహమెల్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడి గౌరవార్థం పెట్టిన పేరు. కాఫీ, నూరువరహాలు, హమీలియా మూడూ ఒకే కుటుంబానికి చెందినవి, కానీ అక్కచెల్లెళ్ల స్వభావాలు ఒకటిగా ఉండాలని లేదు కదా. దక్షిణ ఫ్లోరిడాలో మయామీ చుట్టుపక్కల నేల కింద ఉన్నదంతా సున్నపురాయే. ఆ రాతి నేలలో హమీలియా అడవి మొక్కగా పెరుగుతుంది. అదే ఊళ్లలో ఇళ్ల ముందు పెట్టుకున్న నూరువరహాలకు ఇనుప లోపం రావడం అక్కడి తోటమాలులకు నిత్యం ఎదురయ్యే సమస్య. ఈ సంగతి తెలిసినప్పుడే నాకు మా పెరటి లెక్క అర్థమైంది. సున్నాన్ని తరిమి మొక్కను బతికించడం ఒక దారి, సున్నంలో పుట్టి పెరిగిన మొక్కను తెచ్చుకోవడం మరో దారి. మన నీళ్లు ఎలాగూ మారవు కాబట్టి రెండో దారే మేలని నా అభిప్రాయం.

నర్సరీలో ‘హమీలియా’ అని అడిగితే ఇస్తారు, కొన్ని చోట్ల ‘ఫైర్ బుష్’ అంటేనే తెలుస్తుంది. రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి పెద్ద రకం. దీని కణుపుకు సాధారణంగా మూడేసి ఆకులుంటాయి, ఆకు మీద, లేత కొమ్మ మీద చేతికి తగిలే సన్నని నూగు ఉంటుంది, పూలు ఎర్రని నారింజ రంగులో ఉంటాయి, ఎండలో కొమ్మలూ ఈనెలూ కూడా ఎర్రబారుతాయి. వదిలేస్తే మనిషి ఎత్తు దాటిపోతుంది. రెండోది ‘డ్వార్ఫ్ హమీలియా’ అని అమ్మే పొట్టి రకం, ఆకు నున్నగా చిన్నగా ఉంటుంది, పువ్వులో పసుపు ఎక్కువ, కంచెలా కత్తిరించుకోవడానికి వీలుగా గుబురుగా పెరుగుతుంది. మీ జాగా 5 అడుగుల వెడల్పే కాబట్టి గోడ వైపు పెద్ద రకం నాలుగు, వాటి ముందు ఖాళీల్లో పొట్టి రకం ఐదు పెట్టుకుంటే నిండుగా ఉంటుంది. నన్ను అడిగితే పిట్టల కోసం పెద్ద రకమే ముఖ్యం, పొట్టి రకం అందానికి.

తేనె సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు అడిగింది దాని కోసమే. హమీలియా పువ్వు అంగుళానికి కాస్త అటూ ఇటూగా ఉండే సన్నని గొట్టం, పూర్తిగా విచ్చుకున్నా మూతి దగ్గర కొద్దిగానే తెరుచుకుంటుంది. పొద్దున్నే ఒక పువ్వును మెల్లగా లాగి మొదలు వైపు నొక్కి చూడండి, ఆవగింజంత తేనెబొట్టు బయటకు వస్తుంది, నాలుకకు తియ్యగా తగులుతుంది. మా మనవరాలికి నేను మొదట నేర్పిన విద్య ఇదే. సొంత గడ్డ మీద ఈ గొట్టంలో మూతి పెట్టేది హమ్మింగ్ బర్డ్, అది గాలిలో ఒక్క చోట నిలిచి రెక్కలాడిస్తూ తేనె తాగుతుంది. ఆ పిట్టలు అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా లేవు. మన దగ్గర ఆ పని చేసేది తేనెపిట్ట. ఇది గాలిలో ఎక్కువసేపు నిలవలేదు, కొమ్మ మీద కూర్చొని తాగడానికే ఇష్టపడుతుంది, అందుకని పూగుత్తి కింద కాలు ఆనడానికి గట్టి పుల్ల ఉన్న పొద కావాలి. హమీలియా గుత్తి కాడ ఆ బరువుకు సరిగ్గా సరిపోతుంది. మగ తేనెపిట్ట వచ్చి కాడ మీద వాలి, తలకిందులుగా వంగి, ఒక్కొక్క గొట్టంలో ముక్కు పెట్టి రెండు మూడు సెకన్లలో తీసి పక్క పువ్వుకు జరుగుతుంది, గుత్తి అంతా అయ్యాక ‘చిక్ చిక్’మంటూ పక్క గుత్తికి పోతుంది. నుదుటి మీద పుప్పొడి అంటుకొని పసుపు బొట్టు పెట్టుకున్నట్టు కనిపిస్తుంది.

మన ఊళ్లలో ఇళ్ల దగ్గరకు వచ్చేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకదానిలో మగది పెంపకపు కాలంలో నల్లగా, ఎండ పడితే నీలి ఊదా రంగులో మెరుస్తుంది. ఆ కాలం పోయాక దాని ఒళ్లు పాలిపోయి, గొంతు నుండి పొట్ట దాకా ఒక నల్ల చార మాత్రం మిగులుతుంది. చాలామంది దాన్ని వేరే పిట్ట అనుకుంటారు. రెండోదానిలో మగదానికి వీపు మెరూన్ రంగు, పొట్ట పసుపు, నెత్తిన ఆకుపచ్చ మెరుపు ఉంటాయి. గూడు కట్టేది ఆడదే. సాలెగూళ్ల దారాలు, ఎండుటాకులు, బెరడు ముక్కలు కలిపి సంచిలా వేలాడదీస్తుంది, మా ఇంట్లో ఒకసారి బట్టలారేసే తీగకు కట్టింది, ఆ నెలన్నర మా బట్టలన్నీ మేడ మీదే ఆరాయి. ఇంకొక మాట, పెద్ద తేనెపిట్టలు తేనె తాగినా పిల్లలకు పెట్టేది పురుగులను, సాలీళ్లను. మందులు కొట్టి పురుగు లేకుండా చేసిన తోటలో తేనె ఎంత ఉన్నా ఆ పిట్ట పిల్లలను పెంచలేదు.

సీతాకోకచిలుకల్లో పొడవైన నాలుక గలవి, ముఖ్యంగా కరివేపాకు మీద, నిమ్మచెట్టు మీద గుడ్లు పెట్టే పెద్ద నల్లరెక్కల రకాలు, హమీలియా మీద బాగా వాలుతాయి. అందుకని ఆ పక్కనే ఒక కరివేపాకు మొక్క ఉంటే వాటికి పుట్టిల్లు, మెట్టినిల్లు ఒకే చోట ఉన్నట్టవుతుంది. ఆకులు తినే గొంగళిపురుగులను మాత్రం చంపకూడదు. తేనెటీగలకు ఈ పువ్వు అంత అనుకూలం కాదు, జుంటీగల వంటి చిన్న ఈగల నాలుక గొట్టం అడుగుకు అందదు, నల్లని పెద్ద తుమ్మెదలు గొట్టాన్ని పక్క నుండి చీల్చి తాగిపోతాయి. ఈగల కోసం తులసి, సబ్జా నాలుగు మొక్కలు ముందు వరుసలో పెట్టండి, వాటి కంకుల మీద ఈగలు పొద్దంతా ముసురుతూనే ఉంటాయి.

నాటడానికి మంచి అదను మృగశిర, ఆరుద్ర కార్తెలు, అంటే జూన్ రెండో వారం నుండి జూలై మొదటి వారం దాకా. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో నాటితే ఎంత గట్టి మొక్కైనా వేరు పట్టక ముందే అలసిపోతుంది. గోడకు రెండున్నర అడుగుల దూరం పాటించండి. దానివల్ల సిమెంటు పెళ్లల బెడద తగ్గుతుంది, ఎండాకాలంలో గోడ నుండి వచ్చే సెగ కూడా నేరుగా తగలదు. అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు ఉండేలా గుంత తీసి, అందులో దొరికిన పెళ్లలు, సున్నపు ముద్దలు ఏరి పారేయండి. తవ్వి తీసిన మట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి నింపితే చాలు. మీది నల్లరేగడి అయితే గుంత అడుగున నీరు నిలవకుండా మడిని నేలకు జానెడు ఎత్తు చేసుకోవాలి, ఎందుకంటే ఈ మొక్క ఎండను ఓర్చుకుంటుంది గానీ వేర్ల దగ్గర నిలిచిన నీటిని ఓర్చుకోదు. నర్సరీ నుండి ఎక్కువ మొక్కలు బంకమట్టి ముద్దలతో వస్తాయి, ఆ ముద్ద మన చల్కలో పెట్టాక ఎండి ఇటుకలా గట్టిపడి, చుట్టూ తడి ఉన్నా లోపలికి నీరు దిగనివ్వదు. నాటే ముందు సంచిని బకెట్ నీటిలో పావుగంట ముంచి, ముద్ద అంచులను చేతితో మెల్లగా వదులు చేసి పెట్టండి. ఈ ఒక్క పని చేయక ఎన్ని మొక్కలు పోగొట్టుకున్నానో.

పెద్ద రకానికి మొక్కకూ మొక్కకూ మధ్య 4 నుండి 5 అడుగులు, పొట్టి రకానికి రెండున్నర అడుగులు వదలాలి. మొదటి రెండు నెలలు వాన లేని రోజుల్లో రోజు విడిచి రోజు నీరు పెట్టండి. ఏడాది నిండిన తర్వాత వానాకాలంలో నీటి అవసరమే ఉండదు, చలికాలంలో వారానికి ఒకసారి, ఎండాకాలంలో వారానికి రెండు మూడు సార్లు, పెట్టిన రోజు మాత్రం లోతుగా దిగేటట్టు పెట్టాలి. మధ్యాహ్నం ఆకులు వాలిపోయినా సాయంత్రానికి లేచి నిలబడితే కంగారు పడనవసరం లేదు, పొద్దున కూడా వాలి ఉంటేనే నీరు చాలలేదని అర్థం. మొదళ్ల చుట్టూ మూడు అంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరచండి, మన వైపు అది చౌకగా దొరుకుతుంది, తడిని ఆపుతుంది, చివికి ఎరువవుతుంది. ఇంట్లో ఆర్వో మిషను ఉంటే దాని నుండి వృథాగా పోయే నీటిని మొక్కలకు పోస్తున్నారేమో చూసుకోండి. నీరు పారబోయడం ఇష్టం లేక చాలామంది అలా చేస్తారు, కానీ బోరు నీటిలోని లవణాలన్నీ చిక్కబడి చేరేది ఆ నీటిలోనే. హమీలియా కొంత ఓర్చుకున్నా రోజూ పోస్తే ఆకు అంచులు మాడతాయి. ఆ నీటిని అరుగు కడగడానికి వాడుకోండి.

పూలు వచ్చేది కొత్త కొమ్మల కొసల్లో, కనుక కత్తిరింపు తప్పనిసరి. ఫిబ్రవరి మధ్యలో, ఎండలు ముదరక ముందే, పొదను మూడో వంతు తగ్గించండి. వాన పడ్డాక జూన్‌లో కొసలు మాత్రం తుంచండి. ఏప్రిల్, మే నెలల్లో కత్తెర ముట్టుకోవద్దు, ఆకు నీడ పోయి కాండం మీద ఎండ నేరుగా పడితే బెరడు పగులుతుంది. అన్ని పొదలను ఒకే రోజు కత్తిరించడం కూడా మంచిది కాదు. సగం ఇవాళ, మిగతా సగం చిగురు వచ్చాక నెల రోజులకు కత్తిరిస్తే పిట్టలకు తేనె తెగకుండా ఉంటుంది. కత్తెర పెట్టే ముందు పొద లోపల గూడు ఉందేమో తప్పక చూడండి. తీసిన కొమ్మల్లో పెన్సిల్ లావు ఉన్నవాటిని ఆరేసి అంగుళాల ముక్కలు చేసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా నీడలో గుచ్చితే, వానాకాలంలో నెల, నెలన్నరలో సగానికి పైగా వేరు పడతాయి, కనుక మీరు కొనవలసింది రెండు మూడు మొక్కలే.

నీడలో పెడితే మాత్రం ఇది ఉత్త ఆకుల పొదగా మిగిలిపోతుంది. రోజుకు ఆరు గంటల ఎండ దీనికి కనీస అవసరం, మీ జాగాలో అంతకంటే ఎక్కువే ఉంది. ఎరువు ఏడాదికి రెండు సార్లు, మొక్కకు రెండు దోసిళ్ల వర్మీకంపోస్టు సరిపోతుంది. యూరియా వేస్తే ఆకు బలిసి పూత తగ్గుతుంది. పిండినల్లి, పేనుబంక అప్పుడప్పుడు వస్తాయి, గొట్టంతో గట్టిగా నీరు కొడితే సగం పోతాయి, మిగిలినవాటికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట పువ్వుల మీద పడకుండా ఆకుల అడుగున కొట్టండి. దుకాణంలో ఇమిడాక్లోప్రిడ్ వంటి పురుగుమందులు ఇచ్చి మొక్క మొదట్లో పోయమంటారు. ఆ మందు వేరు నుండి కొమ్మకు, కొమ్మ నుండి పువ్వు తేనెలోకి కూడా చేరుతుంది. తేనె కోసం పెంచే మొక్కకు ఆ మందు వేయడమంటే వచ్చిన అతిథికి విషం కలిపిన పానకం ఇచ్చినట్టే. దయచేసి ఆ పని ఎన్నడూ చేయకండి.

పిల్లలున్న ఇల్లు అని రాశారు కాబట్టి చెబుతున్నాను, హమీలియాకు ముళ్లు లేవు, తెంపితే పాలు కారవు. పూల తర్వాత వచ్చే చిన్న పండ్లు ఎర్రబడి, నల్లబడి బుల్బుల్ పిట్టలకు ఆహారమవుతాయి. పక్షులు విత్తనం మోసుకుపోయే మొక్క గనుక పొదల కింద, గోడ అవతల మొలకలు కనిపిస్తే పీకేస్తూ ఉండండి, నల్లమల అంచు ఊళ్లలో ఉండేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. సీతాకోకచిలుకల కోసమని లంటానా పెట్టమని కొందరు సలహా ఇస్తారు, అది ఎంత అందంగా పూసినా నేను ఒప్పుకోను. అడవిని ఆక్రమించి గడ్డి మొలవనివ్వని మొక్క అది, ఆకు తిన్న పశువులకు కాలేయం చెడి, ఎండ తగిలిన చోట చర్మం పుండ్లు పడుతుంది.

పరదేశపు మొక్క వద్దు, మన నేల మొక్కే కావాలని మీ మనసుకు ఉంటే ధాతకిని ఆలోచించండి. ఆయుర్వేదంలో అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టడానికి వాడే ధాతకీ పుష్పాలు దీనివే. ఎండిన కొండవాలుల్లో, రాతి నేలల్లో పెరుగుతుంది, ఎండాకాలం మొదట్లో ఆకు రాలిన కొమ్మల నిండా ఎర్రని గొట్టపు పూలు పూస్తుంది, తేనెపిట్టలు దాన్ని వదలవు. దీనితో ఉన్న ఇబ్బంది ఏమిటంటే నర్సరీల్లో అరుదుగా దొరుకుతుంది, పూత రెండు మూడు నెలలే. రెండు మూలల్లో రెండు ధాతకులు, మధ్యలో హమీలియాలు పెట్టుకుంటే ఎండాకాలపు కొరత కూడా తీరుతుంది. రత్నగంధి కూడా మన ఎండకు, సున్నానికి జంకదు, పెద్ద సీతాకోకచిలుకలకు ప్రాణం, అయితే దానికి ముళ్లుంటాయి కాబట్టి నడిచే దారి పక్కన పెట్టవద్దు.

ఇప్పుడున్న నాలుగు నూరువరహాలను పీకి పారేయవలసిన అవసరం లేదు. వానలు పడగానే వాటిని వేళ్ల ముద్దతో తీసి, పద్నాలుగు అంగుళాల కుండీల్లోకి మార్చండి. తోట మట్టి బదులు కొబ్బరి పొట్టు, ఆకుల ఎరువు, ఎర్రమట్టి సమంగా కలిపి నింపండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, పది రోజులకొకసారి మూడు సార్లు సాయంత్రం ఆకులు తడిసేటట్టు కొట్టండి. ఆ నీరు ఎప్పటికప్పుడు కలుపుకోవాలి, నిలవ ఉండి తుప్పు రంగుకు తిరిగితే పనికిరాదు, గచ్చు మీద, గోడ మీద పడితే మరక పోదు. మట్టిలో వేసే ఇనుప చీలేటు (ఇనుము బిగుసుకుపోకుండా పట్టి ఉంచే మందు) కొనేటట్టయితే సంచి మీద ఈడీడీహెచ్ఏ అని ఉన్నదే తీసుకోండి, ఈడీటీఏ రకం సున్నపు నేలలో నిలవదు. ఆపై ఆ కుండీలకు బోరు నీరు ముట్టించకుండా, మిద్దె మీద పడిన వాన నీటిని డ్రమ్ములో పట్టి గానీ, ఏసీ నుండి కారే నీటిని గానీ పోయండి. రెండు వారాల్లో కొత్త చిగురు పచ్చగా వస్తే మొక్క కోలుకున్నట్టే, పాత పసుపు ఆకుల రంగు తిరిగి రాకపోయినా దిగులు పడకండి, అవి వాటంతట అవే రాలిపోతాయి.